చెట్టుకు పదో రోజు లేదు

కొబ్బరి మాను మీద కత్తితో గాటు పెడితే, చెట్టు బతికున్నన్నాళ్లూ ఆ గాటు అక్కడే ఉంటుంది. మామిడి మాను మీదైతే నాలుగైదేళ్లలో బెరడు అటూ ఇటూ కమ్ముకొచ్చి పూడ్చేస్తుంది. మామిడికి బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పల్చటి పొర ఒకటుంది. కొబ్బరికి అది లేదు. చూడ్డానికి మహావృక్షమే గానీ కొబ్బరి నిజానికి గడ్డికీ చెరకుకీ చుట్టం. ఒకసారి తయారైన మాను ఆ పైన లావెక్కదు, దెబ్బ తగిలితే పూడదు. అందుకే కొబ్బరి మాను దగ్గర కాసేపు నిలబడితే ఆ చెట్టుకు ఏ కాలంలో ఏం జరిగిందో కింది నుంచి పైకి వరసగా కనబడుతుంది. నీళ్లందిన ఏళ్లలో మట్టలు రాలిన గుర్తులు ఎడంగా ఉంటాయి. కరువు ఏళ్లలో అవి దగ్గరదగ్గరగా పడతాయి, మాను అక్కడ నడుం బిగించినట్టు సన్నబడుతుంది. తర్వాత ఎన్ని మంచి ఏళ్లొచ్చినా ఆ చోటు అంతే. చెట్టు చెయ్యగలిగేదల్లా దాని పైన మళ్లీ నిండుగా పెరగడం.

ఇలాంటి చెట్ల మధ్య బతికే జనం ఉద్దానం వాళ్లు. శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో సముద్రాన్ని ఆనుకున్న తోటల సీమకు ఆ పేరు. ఉద్యానం అన్న మాటే జనం నోట నలిగి ఉద్దానం అయిందంటారు. ఇసుక నేల, పైన కొబ్బరి, నడుమ జీడిమామిడి, పనస, మునగ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165 దాకా. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. అంతకు ముందు 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటాయి. ఈ తీరంలో అక్టోబర్ అంటే దసరా ఒక్కటే కాదు, ఆకాశం వైపు చూసే నెల కూడా.

మనిషి పోతే ఏం చెయ్యాలో మన ఊళ్లకు తెలుసు. ఆ ఇంట పొయ్యి వెలగదు, చుట్టాలో పక్కింటివాళ్లో అన్నం తెస్తారు. మూడో రోజు ఒక పని, పదో రోజు ఒక పని, పెద్దకర్మ, తర్వాత నెలనెలా మాసికం, ఏడాది తిరిగాక సంవత్సరీకం, అక్కణ్నుంచి ఏడాదికోసారి తద్దినం. కులాన్ని బట్టి, ఊరిని బట్టి లెక్కలు మారతాయి గానీ అమరిక ఒకటే. మొదట రోజుల ఎడం, తర్వాత నెలల ఎడం, ఆఖరికి ఏళ్ల ఎడం. దుఃఖాన్ని ఒక్కసారిగా వదిలెయ్యమనదు, జన్మంతా పట్టుకు కూర్చోమనదు. బావిలోకి చేద దించేటప్పుడు తాడును గుప్పిట్లోంచి కొంచెం కొంచెంగా వదులుతామే, అలా వదిలిస్తుంది. ఎన్ని తరాల పనివాళ్లు చెక్కితే కుదిరిన ఏర్పాటో అది.

చెట్టుకు మాత్రం పదో రోజు లేదు. కన్నకొడుకు కూడు పెట్టకపోయినా కొబ్బరి చెట్టు పెడుతుందని కొబ్బరి సీమల్లో సామెతలా చెప్పుకుంటారు. తాత నాటింది, తండ్రి తడిపింది, పిల్లల చదువుకీ పెళ్లికీ ఆసరా అయింది, ఒక్క తెల్లవారుజామున నేలకు పడిపోతే దాని కోసం ఏ రోజు ఏం చెయ్యాలో ఏ పురోహితుడూ చెప్పలేదు. పడిపోయిన చెట్టు పక్కన కూర్చుని ఏడ్చినవాళ్లను పరామర్శించడానికి వచ్చేవాళ్లు లేరు, అందరి తోటలూ పడిపోయాయి గనక. అప్పుడు ఉద్దానం ఆ కర్మను పనిగా కట్టుకుంది. దాన్ని మెట్టు మెట్టుగా చూస్తే దుఃఖం మొయ్యడం కూడా ఒక పనితనమేనని తెలుస్తుంది.

మొదటి మెట్టు, చూడటం. గాలికి కొబ్బరి నాలుగు రకాలుగా దెబ్బతింటుంది. వేళ్లతో సహా లేచిపోయినవి కొన్ని. నడిమికి విరిగినవి కొన్ని. ఈ రెండింటి గురించీ ఆలోచించేదేమీ లేదు. మూడో రకం ఒరిగినవి. నాలుగో రకమే మోసం చేస్తుంది. అవి నిటారుగానే ఉంటాయి, ఆకూ పచ్చగానే ఉంటుంది, కానీ తల మెలితిరిగి ఉంటుంది. కొబ్బరికి కొమ్మలు లేవు. బతుకంతా తల మధ్యనున్న ఒక్క మొవ్వులో ఉంటుంది. అది తెగితే పక్కనుంచి ఇంకోటి రాదు. మొవ్వు చచ్చినా చుట్టూ ఉన్న మట్టలు వారాలపాటు పచ్చగా నిలబడతాయి.

వజ్రపుకొత్తూరు వైపు ఒక తోటలో ఓ పెద్దాయన నాకు ఈ తేడా చూపించాడు. తలెత్తి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కత్తిలా నిలబడ్డ లేత ఆకు వైపు వేలు పెట్టాడు. "పచ్చగా ఉన్నాది గదా అని నమ్మకూడదు బాబూ. నడిమి ఆకు నెగిస్తే బతికినట్టు. నెగకపోతే ఏటీ నేనట్టే. రెండు నెల్లు సూడాల, అప్పుడే గొడ్డలి ముట్టుకోకూడదు."

రెండు నెలలు అన్న లెక్క ఊరికే చెప్పింది కాదు. కాపుకొచ్చిన కొబ్బరి ఏడాదికి సుమారు పన్నెండు మట్టలు వేస్తుంది, అంటే నెలకొకటి. రెండు నెలలు ఆగితే మొవ్వు బతికే ఉంటే కనీసం ఒక కొత్త ఆకైనా పైకి రావాలి. చెట్టు తన సంగతి తాను చెప్పేదాకా తీర్పు చెప్పకుండా ఆగడం, ఆ ఆగడానికి ఒక గడువు పెట్టుకోవడం, రెండూ ఆ పెద్దాయన మాటలో ఉన్నాయి.

ఒరిగిన చెట్టును లేపడం రెండో మెట్టు. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదలు దగ్గర ఉబ్బిన గడ్డలోంచి తాళ్లలాంటి వేళ్లు వేల కొద్దీ బయల్దేరతాయి. చెట్టు ఒక పక్కకు ఒరిగితే గాలి వచ్చిన వైపు వేళ్లు తెగుతాయి, పడ్డ వైపు వేళ్లు వంగి మిగులుతాయి. ముందు తల బరువు తగ్గించాలి. కింది మట్టలు కొన్ని, బరువైన గెలలు కోసేస్తారు. తెగిన వేళ్ల వైపు మట్టి తీసి గొయ్యి వదులు చేస్తారు. నేల తడిగా ఉన్నప్పుడే మానుకు తాడు కట్టి లాగాలి, అదీ గుంజకుండా. ఒక్క ఊపున లాగితే మిగిలిన వేళ్లూ పోతాయి. కొంచెం లేపి, కర్ర ఊతం పెట్టి, మళ్లీ కొంచెం లేపాలి. ఆఖరున మొదలు చుట్టూ మట్టి ఎగదోసి తొక్కుతారు. ఆ మట్టిలోకి గడ్డ నుంచి కొత్త వేళ్లు దిగుతాయి. తెగినవి అతుక్కోవు, వాటి పని కొత్తవి చేస్తాయి.

లేత చెట్లయితే ఇలా నిలబడతాయి. ముదురు చెట్టును లేపబోతే వేళ్లు తెగుతాయి తప్ప లేవదు. దాన్ని ఒరిగినట్టే ఉంచి మొదలుకు మట్టి వేస్తారు. మాను వంగడం మారదు గానీ మొవ్వుకు పై దిక్కు తెలుసు. కొన్ని నెలల్లో తల మెల్లగా ఆకాశం వైపు తిరుగుతుంది, అక్కణ్నుంచి చెట్టు నిటారుగా పెరుగుతుంది. మోచెయ్యి వంచినట్టున్న మానులు ఈ తీరం పొడవునా కనిపిస్తాయి. ఏ వైపు నుంచి ఎంత దెబ్బ తగిలిందో ఆ వంపు చూస్తే తెలుస్తుంది, ఎప్పుడు తేరుకుందో కూడా.

మూడో మెట్టు, పడిపోయినదాన్ని తొలగించడం. ఇది చాలామందికి చేతులు రాని పని. ముప్పై ఏళ్లు చూసిన మానును ముక్కలు చెయ్యాలంటే ఎవరికి మనసొప్పుతుంది? కానీ ఆగితే ఏమవుతుందో రైతుకు తెలుసు. కుళ్లుతున్న కొబ్బరి మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ కుళ్లు తిని పెరిగి, రెక్కలొచ్చాక పక్కనున్న బతికిన చెట్టు మొవ్వులోకి దూరతాయి. అక్కడ ముడుచుకుని ఉన్న లేత ఆకును అడ్డంగా కొరుకుతాయి. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తెలియదు. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో త్రికోణాలు కత్తిరించినట్టు కనిపిస్తుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, ఇక చెట్టు దక్కడం కష్టం. అంటే చచ్చిన చెట్టును తీయకుండా ఉంచితే అది బతికినవాటిని తినేదానికి ఇల్లవుతుంది. అందుకే ఏడుస్తూనే రంపం పట్టారు. పనికొచ్చే మాను దూలాలకు పోయింది, మట్టలు పొయ్యిలోకి, మిగిలింది కాల్చారు. మొదళ్లు పెకలించడానికి కొందరికి నెలలు పట్టింది.

నాలుగో మెట్టు, నాటడం. ఇసుక నేలలో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గొయ్యి తీస్తారు. అడుగున కొబ్బరి డొక్కలు రెండు వరసలు పేరుస్తారు. వాటిని బోర్లించరు, గిన్నెల్లా వెల్లకిలా పెడతారు. ఇసుకలో నీళ్లు పోస్తే నిలవవు, జారిపోతాయి. ఈ డొక్కలు నీటిని పట్టి ఉంచుకుని వేళ్లకు నెమ్మదిగా ఇస్తాయి. ఒక్కోసారి ఆ డొక్కలు పడిపోయిన చెట్టు ఆఖరి కాయలవే. మొక్క తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసుది, ఆరేడు ఆకులు వేసింది, మెడ లావుగా ఉన్నది ఎంచుకుంటారు. పొడుగు రకమైతే ఆరేడేళ్లకు కాపు. కోనసీమలోని అంబాజీపేట పరిశోధన స్థానం నుంచి వచ్చిన గోదావరి గంగ లాంటి సంకరాలు అంతకంటే ముందే కాస్తాయి. మొక్కకూ మొక్కకూ ఎనిమిది మీటర్లు. ఎండ పక్కన తాటాకు దడి.

ఇక నీళ్లు. మొదటి వారాల్లో దాదాపు రోజూ. వేరు పట్టాక నాలుగు రోజులకోసారి. ఏడాది దాటాక వారానికో, పది రోజులకో. తర్వాత ఏడాదికి రెండు సార్లు ఎరువు, ఒకసారి పాదు. ఈ వరస చూస్తే పైన చెప్పిన కర్మల వరసే గుర్తొస్తుంది. ఎడం పెరుగుతూ పోవడం, పని మానకపోవడం, రెండు చోట్లా అదే కట్టుబడి. చెట్టుకు పదో రోజు లేదన్న లోటును ఉద్దానం చేద నీళ్లతో పూడ్చుకుంది.

ఇంకో సంగతి కొబ్బరి మాత్రమే చెప్పగలదు. ప్రతి మట్ట చంకలో ఒక పూగుత్తి ఉంటుంది. ఆ గుత్తి మొవ్వు లోపల రూపు కట్టడం మొదలైన నాటి నుంచి బయటపడి విచ్చుకునేదాకా దాదాపు 32 నుంచి 36 నెలలు పడుతుంది. విచ్చుకున్నాక కాయ ముదరడానికి ఇంకో ఏడాది. అంటే తుపాను రోజున మొవ్వు లోపల, ఎవరికీ కనబడని చోట, మూడేళ్ల తర్వాతి పూలు ఆవగింజంతైనా లేని రూపంలో ఉన్నాయి. గాలి వాటినీ తాకింది. బతికి నిలబడ్డ చెట్టు లెక్క తేలడానికి నాలుగేళ్ల దాకా పట్టొచ్చు. కరువు దెబ్బ కొబ్బరిలో రెండు మూడేళ్లు కనిపిస్తుందని ఉద్యాన శాస్త్రం చెప్పేది ఇందుకే. మనుషుల్లోనూ చావింట గట్టిగా నిలబడినవాళ్లు రెండేళ్ల తర్వాత ఏదో పెళ్లిలో కారణం లేకుండా ఏడుస్తారు. కారణం ఉంది, అది లోపల ఉన్నప్పుడు కనబడలేదంతే.

జీడిమామిడి తీరు దీనికి పూర్తిగా ఎదురు. దానికి మామిడిలాగే బెరడు కింద జీవపొర ఉంది. కొమ్మలన్నీ విరిగి మొండెం మిగిలినా చిగురిస్తుంది. ఇలాంటి మొండేలను, ముసలి చెట్లను బాగుచేసే పద్ధతి ఒకటుంది. నేల నుంచి మూడడుగుల లోపు మానును రంపంతో కోస్తారు. కోత ఏటవాలుగా ఉండాలి, వాన నీరు నిలవకుండా. కోసిన ముఖానికి మందు ముద్ద పూస్తారు, లేకపోతే కాండం తొలిచే పురుగు ఆ వాసనకు వస్తుంది. కొన్ని వారాలకు మొండెం చుట్టూ గుంపుగా చిగుళ్లు లేస్తాయి. బలమైనవి నాలుగైదు ఉంచి మిగిలినవి తీసేస్తారు.

ఇప్పుడు అంటు. బాగా కాసే రకం, చాలా చోట్ల బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 లాంటిది, దాని కొమ్మ చివర ఎంచుకుంటారు. వెంటనే కొయ్యరు. వారం పది రోజుల ముందు ఆకుల్ని కత్తిరించి తొడిమలు మాత్రం ఉంచుతారు. తొడిమలు వాటంతటవే రాలేసరికి చివరి మొగ్గ ఉబ్బుతుంది, చిగురించడానికి సిద్ధమవుతుంది. అప్పుడు జానెడు లోపు పుల్ల కోసి, కింది కొసను రెండు వైపులా చెక్కి మేకులా చేస్తారు. మొండెం మీది లేత చిగురు తల కోసి, నడిమికి రెండంగుళాల లోపు చీలుస్తారు. మేకును చీలికలో దింపి, కనీసం ఒక పక్కనైనా బెరడుకు బెరడు సరిగ్గా కలిసేలా చూసి, ప్లాస్టిక్ రిబ్బనుతో కింది నుంచి పైకి బిగించి చుడతారు. పైన పల్చటి ప్లాస్టిక్ టోపీ తొడుగుతారు, లోపలి తేమ ఆరిపోకుండా. మూడు నాలుగు వారాల్లో టోపీలో లేత ఆకు కనిపిస్తే అంటు పట్టినట్టు. రెండో మూడో ఏట పూత వస్తుంది. వేళ్లు పాతవి గనక కొత్త మొక్కకంటే ముందు కాస్తుంది.

ఈ పనిలో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. అంటు పట్టాలంటే రెండు కొమ్మలకీ గాయం కావాలి. ఒకదాన్నే చెక్కి, రెండోదాన్ని బెరడు ఉండగానే ఆనించి కడితే ఎన్నాళ్లున్నా అతకవు. పచ్చి పచ్చిని తాకాలి.

పలాసలో దీనికి మనుషుల రూపం చూడొచ్చు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు కర్మాగారాలు వందల్లో ఉన్నాయి, అందులో చేతులన్నీ దాదాపు ఆడవాళ్లవి. జీడిపిక్క పెంకు రెండు పొరలు. వాటి మధ్య తేనెపట్టులాంటి గదుల్లో జీడి నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుస్తుంది, నల్లటి మచ్చలు మిగులుతాయి. దాని లోపల, ఎర్రటి పొట్టులో చుట్టుకుని, ఆ నూనె చుక్క కూడా అంటని తెల్లటి పప్పు. పిక్కల్ని ఆవిరిలో ఉడికించి ఆరబెడతారు. పెంకు గట్టిపడి పెళుసవుతుంది, పప్పు పెంకును వదులుతుంది. ఆడవాళ్లు చేతులకు నూనో బూడిదో పట్టించి, ఇప్పుడు కొన్ని చోట్ల తొడుగులు వేసుకుని, కట్టర్ ముందు కూర్చుంటారు. దాని రెండు బ్లేళ్లు పిక్క వంపుకు సరిపడేలా వంగి ఉంటాయి. పిక్కను వాటి మధ్య పెట్టి, కాలితో తొక్కి, చేత్తో పిడిని తిప్పితే పెంకు రెండుగా విచ్చుతుంది. బ్లేడు పెంకు మందం దాకానే దిగాలి. వెంట్రుకవాసి లోపలికి దిగితే పప్పు బద్దవుతుంది, ధర పడిపోతుంది. సూదిమొన కత్తితో పప్పు తీసి, బోర్మా అనే వేడిగదిలో ఆరబెట్టి, పొట్టు ఒలిచి, గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు చేస్తారు. 320 అన్న రకం పేరుకు అర్థం పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగుతాయని.

కాల్చేదాన్ని తప్పించుకోలేని చోట చేతికి బూడిద రాసుకుని లోపలున్నదాన్ని చెదరకుండా తీయడం ఆ బల్లల దగ్గర రోజువారీ కూలి. ఆ బల్లల దగ్గర ఇంకోటి కూడా జరుగుతుంది. చూపులు పిక్క మీద ఉంటాయి గనక ఎదురుగా ఉన్నవాళ్ల మొహంలోకి చూడక్కర్లేదు. చేతులు ఆడుతుంటే మాట దానంతటది వస్తుంది. "మీ ఆయన పోయి ఎన్నాళ్లయింది వదినా?" అని అడిగేది కూడా మొగుణ్ని పోగొట్టుకున్నదే. జవాబు రెండు పిక్కల తర్వాత వస్తుంది. ఎవరూ తొందరపెట్టరు.

ఆ మాటల్లో తుపాను కంటే ఎక్కువగా వినిపించేది ఇంకో దెబ్బ. దానికి పేరు పెట్టిన దేశం లేదు, తీరం దాటిన తేదీ లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇంటింటి మాట. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న మొదలయ్యాయి. వంశధార నీళ్లను హిరమండలం నుంచి ఉద్దానానికి తెచ్చే తాగునీటి పథకం కూడా ఆ రోజే మొదలైంది. డయాలసిస్ మామూలుగా వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. దానికి ముందు చేతికి ఒక చిన్న కోత ఉంటుంది. మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనిని పక్కనున్న సిరకు కుట్టి కలుపుతారు. సిర గోడ పల్చన. మెల్లగా పారే రక్తానికి అలవాటు పడింది. ఇప్పుడు ధమని ఒత్తిడి దాని మీద పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆ గోడ దళసరెక్కుతుంది, సిర వెడల్పవుతుంది, వారానికి ఆరు సూదుల్ని తట్టుకునేలా తయారవుతుంది. దాని మీద వేళ్లు ఆనిస్తే పిల్లి గురగురలాడినట్టు తగులుతుంది. పొద్దున్న లేవగానే ఆ గురగుర చూసుకోవడం అలవాటు చేస్తారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. ఒత్తిడి సిరను గట్టిపరిచింది నిజమే, కానీ కుట్టినవాడి చెయ్యి, ఆగిన వారాలు, కాపాడుకునే జాగ్రత్త లేకపోతే అదే ఒత్తిడి దాన్ని చిట్లించేది.

విడివిడిగా చూసిన ఈ పనుల్ని కలిపి చూస్తే మనసు పని కూడా అర్థమవుతుంది. 1990ల్లో అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం షార్లెట్ శాఖలో రిచర్డ్ టెడెస్చి, లారెన్స్ కాల్‌హూన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పెద్ద దెబ్బ తిన్నవాళ్లలో కొందరికి వచ్చే ఎదుగుదలను పరిశీలించి, 1996లో దానికి ఒక కొలత ప్రకటించారు. తోటివాళ్లతో దగ్గరతనం, తన బలం తనకు తెలియడం, కొత్త దారులు కనబడటం, ఉన్నదాని విలువ తెలియడం, ఆధ్యాత్మికంగా మారడం అని ఐదు చోట్ల ఆ ఎదుగుదల కనిపిస్తుందన్నారు. వాళ్లు చెప్పిన రెండు షరతులు ముఖ్యం. ఎదుగుదల దెబ్బ నుంచి రాదు, దెబ్బతో పెనుగులాడటం నుంచి వస్తుంది. వచ్చినా నొప్పి పోవాలని లేదు, రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. ఉద్దానం కొబ్బరి మానును చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపదలో ఉన్నవాళ్లకు మనసు ప్రథమ చికిత్స ఎలా చెయ్యాలో ఒక మార్గదర్శి వేసింది. దాని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. జరిగింది చెప్పమని బలవంతపెట్టొద్దని కూడా అందులో ఉంది. నడిమి ఆకు లేచేదాకా ఆగే పెద్దాయనకు మొదటిది తెలుసు. కట్టర్ బల్ల దగ్గర జవాబు కోసం రెండు పిక్కలు ఆగే ఆడవాళ్లకు రెండోది తెలుసు. బెరడుకు బెరడు కలిపి కట్టే అంటు పనివాడికి మూడోది తెలుసు.

ఓపికతో కానిది కూడా ఒకటుంది. గాలివాన తర్వాత తేమ పట్టి మొవ్వుకుళ్లు వస్తే ఆగి చూడకూడదు. కుళ్లిన భాగం తీసి, బోర్డో ముద్ద పూసి, కొత్త ఆకు వచ్చేదాకా కప్పి ఉంచాలి. మనిషి విషయంలోనూ అంతే. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, చచ్చిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా అది ఆగి చూసే సమయం కాదు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళైనా ఫోను చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మీరు ఆ వైపు వెళ్తే టెక్కలి దాటి పలాస మీదుగా సముద్రం దాకా వెళ్లండి. 2018కి ముందు నాటి చెట్టు ఒకటి, వంగి తేరుకున్నదైతే మరీ మంచిది, చూసుకుని నిలబడండి. వంపు తిరిగిన చోటు నుంచి పైకి మట్టలు రాలిన గుర్తులు లెక్కపెట్టండి. ఏడాదికి సుమారు పన్నెండు వస్తాయి.